డీజే డ్రామా ‘గ్యాంగ్‌స్టా గ్రిల్జ్: ది ఆల్బమ్’: మిక్స్‌టేప్ కాస్తా ఆల్బమ్ అయ్యాక ఏం మిగిలింది?

క్రేట్_కాకినాడ:
2007 డిసెంబర్‌లో అట్లాంటిక్ రికార్డ్ కంపెనీ విడుదల చేసిన ఈ ఆల్బమ్ మీద అభిప్రాయాలు చెప్పండి. కొత్తగా వినేవాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రామా సొంతూరు ఫిలడెల్ఫియా, పేరొచ్చింది అట్లాంటాలో. గ్యాంగ్‌స్టా గ్రిల్జ్ అనేది ఆయన మిక్స్‌టేపుల (డీజేలు పాటలు కలిపి వదిలే సంకలనాల) వరస. 2005లో యంగ్ జీజీతో చేసిన ట్రాప్ ఆర్ డై, 2006లో లిల్ వేన్‌తో చేసిన డెడికేషన్ 2 అందులోవే. నా లెక్కలో ఆల్బమ్‌లో పాటలు బాగున్నాయి గానీ డీజే పనితనం వెతుక్కోవాలి.

బాస్‌బిన్:
దానికి కారణం హక్కులండీ. మిక్స్‌టేప్‌లో డీజే ఇంకొకరి హిట్ పాట బీట్ (వెనక వచ్చే సంగీతం) తీసుకుని దాని మీద తన రాపర్ చేత కొత్తగా పాడిస్తాడు. లేదా ఒకరి గొంతు తెచ్చి వేరొకరి బీట్ మీద కూర్చోబెడతాడు. కంపెనీ పేరుతో అమ్మాలంటే అలాంటి ప్రతి చోటా రెండు అనుమతులు కావాలి. రికార్డింగ్‌కి దాని లేబుల్ (రికార్డ్ కంపెనీ) దగ్గర ఒకటి, రచనకి పబ్లిషర్ల దగ్గర ఇంకొకటి. ఒక బీట్‌లో పాత సోల్ పాట ముక్క ఉంటే ఆ పాట హక్కుదారులూ లెక్కలోకి వస్తారు. అంతమందిని ఒప్పించడం కంటే కొత్త బీట్లు చేయించుకోవడమే సులువు. అందుకే ఇందులో అరువు బీట్ల సందడి లేదు. ఫైవ్ థౌజండ్ వన్స్ పాటనే తీసుకోండి. నెల్లీ, టి.ఐ., డిడ్డీ, యంగ్ జాక్, విల్లీ ది కిడ్, జీజీ, ట్విస్టా అంతా ఉన్నారు. ఒక్కొక్కరికి కొన్ని లైన్లు దొరికేసరికి పాట అయిపోతుంది. రేడియో కోసం కట్టిన పాట అది.

వరంగల్_వినైల్:
డీజే పని అంటే బ్లెండ్ (పాటలను, గొంతులను ఒకదాన్ల ఒకటి కలుపుడు) ఒక్కటే కాదన్నా. ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలె, ఏ బీట్ ఎవరికి ఇయ్యాలె, అది గూడ డీజే చెయ్యే. ఆర్ట్ ఆఫ్ స్టోరీటెల్లింగ్ పార్ట్ 4 ఇనుండ్రి. ఔట్‌కాస్ట్ రాప్ జోడీల ఇద్దరిని ఒక్క పాట మీదికి తెచ్చిండు, గాయని మార్షా ఆంబ్రోసియస్ గొంతు పెట్టిండు. బీట్ డాన్ కానన్‌ది, డ్రామా జట్టు అఫిలియేట్స్‌ల మనిషే. మొదటి రెండు భాగాలు 1998ల అక్వెమినై ఆల్బమ్‌ల వచ్చినయి. ఆ వరసను మళ్ల లేపుడు మామూలు ముచ్చట కాదు. నాకైతే ఆల్బమ్ మొత్తంల గీ పాటే పైన ఉంటది.

క్రేట్_కాకినాడ:
ఆ పాట విషయంలో మీతో వాదించను. అది ఏ రాపర్ ఆల్బమ్‌లో పెట్టినా నిలిచే పాట. నేను అడిగేది మిగతా గంట సంగతి. పాటకీ పాటకీ మధ్య దూకుడు లేదు. మిక్స్‌టేప్‌లో ఒక బీట్ సగంలో ఆగి తర్వాతది మీద పడుతుంది. ఆ ఊపే కదా మనల్ని పట్టి కూర్చోబెట్టేది?

సూది_దారం:
బ్లెండ్ ఎందుకు కష్టమో, ఎక్కడ చెడుతుందో చెబుతాను. దీన్ని బట్టి మిగతా మిక్స్‌టేపులనూ తూచవచ్చు.

12 అంగుళాల వినైల్ సింగిల్ మీద సాధారణంగా పూర్తి పాటతో పాటు ఇన్‌స్ట్రుమెంటల్ (గొంతు లేని సంగీతం), చాలాసార్లు అకపెల్లా (సంగీతం లేని గొంతు) కూడా ఉంటాయి. అకపెల్లా 88 బీపీఎం (నిమిషానికి ఇన్ని దెబ్బలు), మీ బీట్ 92 అనుకోండి. గొంతును సుమారు 4.5 శాతం వేగం పెంచాలి. టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ మీద పిచ్ స్లైడర్ ప్లస్ మైనస్ 8 శాతం వరకు వెళ్తుంది కాబట్టి వేగం అందుతుంది. కానీ టర్న్‌టేబుల్ మీద వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. 4.5 శాతానికి దాదాపు ముప్పావు సెమీటోన్ పైకి పోతుంది. రాప్ చరణానికి అది చెల్లుతుంది. పాడిన కోరస్ ఉంటే మాత్రం బాస్‌తో గొడవ పడుతుంది, చెవికి పుల్లగా తగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కీ లాక్ వేస్తే శ్రుతి నిలుస్తుంది గానీ మార్పు ఎక్కువయ్యేకొద్దీ హల్లులు నలిగిపోతాయి.

రెండో తప్పు బార్ (నాలుగు దెబ్బల తాళం చుట్టు) లెక్కలో. గొంతు మొదటి మాట ఒకటో దెబ్బ మీద కాకుండా దానికి ముందే మొదలైతే, చాలామంది ఆ మాటనే ఒకటిగా పట్టుకుని వదులుతారు. దాంతో మొదటి నుంచే స్నేర్ డ్రమ్ తప్పుచోట పడుతుంది. స్నేర్ మీద పడే ప్రాసను గుర్తుపెట్టుకుని దాన్నిబట్టి వెనక్కి లెక్క కట్టుకోవాలి.

బాస్‌బిన్:
డ్రాప్స్ (పాట మీద డీజే వేసే కేకలు) గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ “గ్యాంగ్‌స్టా గ్రిల్జ్” కేక రాపర్ లిల్ జాన్ గొంతు. కొందరికి అది చిరాకు. నా వరకు అది ముద్ర: ఈ పాట ఎవరి చేతిమీదుగా బయటికొచ్చిందో చెబుతుంది, వేరే డీజే ఎత్తుకుని తనదని పెట్టుకోకుండా అడ్డుపడుతుంది. రాపర్ టైలర్ ది క్రియేటర్ 2021లో కాల్ మీ ఇఫ్ యు గెట్ లాస్ట్ ఆల్బమ్ చేసినప్పుడు డ్రామాను పిలిచి మరీ ఆయన చేత కేకలు పెట్టించుకున్నాడు. 2022లో దానికి ఉత్తమ రాప్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. డ్రామా గొంతుకు అంత విలువ ఉంది.

లో_ఎండ్_లత:
డ్రాప్స్ లేకుండా వినాలని ఇన్‌స్ట్రుమెంటల్‌ను ఫేజ్ తిప్పి (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి) తీసేయొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. పని చేయదండీ. తిప్పిన ఇన్‌స్ట్రుమెంటల్ బీట్‌ను చంపుతుంది, గొంతులు మిగులుతాయి. డ్రాప్ కూడా గొంతే కదా, రాపర్‌తో పాటు అదీ మిగులుతుంది. పైగా రెండు ఫైళ్లూ ఒకే మాస్టర్ (తుది రికార్డింగ్) నుంచి రావాలి, ఒక్క శాంపిల్ (డిజిటల్ ధ్వనిలో అతి చిన్న ముక్క) కూడా అటూ ఇటూ కాకూడదు. డ్రాప్ పడ్డచోట బీట్‌ను కిందికి నొక్కి ఉంటారు కాబట్టి అక్కడ ఎలాగూ సరిపోదు.

కొంచెం దక్కే దారి ఒకటుంది. డ్రాప్ మీద రాప్ లేకపోతే, అదే బార్‌ను పాటలో ఖాళీగా ఉన్న వేరేచోటు నుంచి కోసి అతికించొచ్చు. 80 బీపీఎం బీట్‌లో ఒక బార్ సరిగ్గా 3 సెకన్లు. కిక్ డ్రమ్ మొదలయ్యే చోట కోయాలి. డ్రాప్ ప్రతిధ్వని తర్వాతి బార్‌లోకి సాగుతుంది కాబట్టి రెండు బార్లు మార్చాలి.

వరంగల్_వినైల్:
2007 జనవరి ముచ్చట గూడ చెప్పాలె. 16వ తారీకు అట్లాంటల డ్రామా స్టూడియో మీద పోలీసులు పడ్డరు, ఆర్ఐఏఏ (అమెరికా రికార్డ్ కంపెనీల సంఘం) వాళ్లు ఎంబడి ఉన్నరు. అనుమతి లేని సీడీలని 81,000 పట్టుకపోయిండ్రు, డ్రామాను, కానన్‌ను అరెస్టు చేసిండ్రు. ప్రచారం కోసం కొత్త పాటలు డీజేల చేతుల పెట్టింది గూడ లేబుళ్లే. అదే ఏడు డిసెంబర్‌ల లేబుల్ ముద్రతోని ఈ ఆల్బమ్ దుకాణంల ఉంది. ఇందుల ప్రతిదీ ఎందుకు అంత జాగ్రత్తగ ఉన్నదో గాడ దొరుకుతది.

క్రేట్_కాకినాడ:
ఆ కోణం ఒప్పుకుంటాను. అయినా జాగ్రత్త చెవికి తెలిసిపోతోంది.

నిజాంపేట్_నైట్స్:
ఏ వరసలో వినాలి? ఫోన్‌లో పాటల మధ్య టక్కుమని గ్యాప్ వస్తోంది, ఏం చేయాలి?

లో_ఎండ్_లత:
ముందు ట్రాప్ ఆర్ డై, తర్వాత డెడికేషన్ 2, ఆపైన ఈ ఆల్బమ్. చివర టైలర్‌ది.

గ్యాప్ సంగతి: ఎంపీ3లో ధ్వని 1152 శాంపిళ్ల దిమ్మెలుగా ఉంటుంది, అంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో ఒక్కోటి 26 మిల్లీసెకన్లు. పాట చివరి దిమ్మె నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతారు, మొదట్లోనూ కొంత చేరుతుంది. పాటలు కలిసిపోయే మిక్స్‌లో అదే టక్కు. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ ఆన్ చేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతది మొదలుపెట్టే సెట్టింగ్) ఆఫ్ చేయండి. క్రాస్‌ఫేడ్ ఉంటే డీజే కలిపిన చోటే మళ్లీ కలిపి బీట్ రెండుసార్లు కొడుతుంది. వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ పాటవారీగా కాకుండా ఆల్బమ్‌వారీగా పెట్టండి, లేకపోతే ఇంట్రో మాటలు పాటంత బిగ్గరగా వస్తాయి. మిక్స్ మొత్తం ఒకే ఫైల్‌గా దొరికితే అదే తీసుకోండి.

సూది_దారం:
ఇంకొకటి. పాత మిక్స్‌టేపులు స్ట్రీమింగ్‌లో వెతికేటప్పుడు పాటల సంఖ్య చూసుకోండి. అనుమతి దొరకని బీట్ల మీది పాటలు తీసేసి పెడుతుంటారు. ఒక పాట పోతే దాని ముందూ వెనకా ఉన్న రెండు బ్లెండ్లూ పోయినట్టే.