మిల్లులో మా నాన్న చెయ్యి పోయింది, పరిహారం ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. 2025 ఫిబ్రవరిలో మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో మా నాన్న కుడి చెయ్యి బెల్టులో పడింది. డాక్టర్లు మణికట్టు దగ్గర తీసేశారు. ఓనరు ఆసుపత్రి బిల్లు కట్టి, 50 వేలు ఇచ్చి, తెల్లకాగితం మీద ఎడమ చేతి వేలిముద్ర వేయించుకున్నారు. ఈఎస్ఐ లేదు, జీతం చేతికే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నాన్న చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది, అంతసేపూ ఆయన గోడవైపే చూస్తూ నిలబడతారు.

ప్రమాదం జరిగినప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం చెయ్యి పోతే సంపాదన శక్తిలో 60 శాతం నష్టంగా లెక్కిస్తారని, రెండేళ్లలోపు కేసు వేయాలని చదివాను. ఆ వేలిముద్ర మాకు అడ్డవుతుందా? జీతానికి రుజువుగా తోటి హమాలీల సాక్ష్యం సరిపోతుందా? లేబర్ ఆఫీసుకు ఏ కాగితాలు తీసుకెళ్లాలి? ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.