స్పిన్నింగ్ మిల్లు మూసేస్తున్నారు, నాన్న 46 ఏళ్ల ఫిట్టర్. ఇప్పుడు ఏం నేర్చుకుంటే పని దొరుకుతుంది?

పేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్న చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో 19 ఏళ్లుగా రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే మెషిన్) ఫిట్టర్. టెన్త్ వరకే చదివారు, ఐటీఐ లేదు. హెల్పర్‌గా చేరి చూసి చూసి పని నేర్చుకున్నారు. మిల్లులో ముందు ఒక షిఫ్టు తీసేశారు, తర్వాత ఇంకోటి. ఇప్పుడు మొత్తం మూసేస్తున్నామని నోటీసు అంటించారు. ఆఫీసుకు పిలిచి "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను అని రాసి సంతకం పెడితే సెటిల్‌మెంట్ తొందరగా అవుతుంది" అంటున్నారట. నాన్న ఇంకా పెట్టలేదు.

జీతం 18,000, అందులో బేసిక్, డీఏ కలిపి 13,000. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ కట్ అవుతున్నాయి. అమ్మకు షుగర్, మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచే తెచ్చుకుంటాం. తమ్ముడు ఇంటర్. నేను గుంటూరులో ఒక షాపులో అకౌంట్లు రాస్తాను.

ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 35,000 కడితే ఏసీ మెకానిక్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాన్నేమో "ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుని ఏం నేర్చుకుంటానమ్మా, ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరతాను" అంటున్నారు. మెషిన్ చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్పే మనిషి ఆయన. ఆ పనితనం వృథా అవుతుందంటే నాకు మనసు ఒప్పడం లేదు. ఆ డబ్బు కట్టమంటారా? ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాత ఫిట్టర్, గుంటూరు:

అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. నాన్నగారిని సంతకం పెట్టొద్దని చెప్పు. ఈ రాత్రికే చెప్పు. మిల్లు మూసేయడం వేరు, మనిషి తనంతట తాను మానేయడం వేరు. తానే మానేశానని రాసిస్తే మూసివేత కింద రావాల్సిన పరిహారం పోతుంది, ఈఎస్ఐ నిరుద్యోగ భృతి కూడా పోతుంది. పరిహారం అంటే పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం. నష్టాలొచ్చాయి అన్న ఒక్క మాటతో అది ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు. గ్రాట్యుటీ దానికి అదనం. 13,000ను 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 7,500. 19 ఏళ్లకు 1,42,500. ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపి చూపిస్తే విడివిడిగా రాసివ్వమని అడగండి. నోటీసును ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక పని గురించి. నేనూ స్పిన్నింగ్ మిల్లు ఫిట్టర్‌నే. మా మిల్లు మూతపడ్డాక కోల్డ్ స్టోరేజీలో చేరాను, ఇప్పుడు అక్కడ చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాస్ ప్లాంట్ ఆపరేటర్‌ని. నా తర్వాత మా మిల్లు నుంచే కొందర్ని ఈ లైనులోకి తెచ్చాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: కోర్సు వెతకొద్దు. నాన్నగారి చేతిలో ఉన్న పని ఎవరికి కావాలో వెతకండి. వాళ్లు ఇంకా ఏం రావాలంటే అది నేర్చుకోవాలి. ముందు ఎక్కడో 35,000 పోసి, తర్వాత ఆ సర్టిఫికెట్ పట్టుకుని తిరగడం తలకిందుల వ్యవహారం. ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్లను ఏ కంపెనీ, జీతం ఎంత, కాగితం మీద రాసిస్తారా అని అడుగు. అక్కడే తెలిసిపోతుంది.

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. ప్రతిదానికీ కంప్రెసర్లు, మోటార్లు, పంపులు, కూలింగ్ టవర్ ఉంటాయి. బెల్టు టెన్షన్ చూడటం, పుల్లీ అలైన్‌మెంట్, బేరింగ్ మార్చడం, ఆయిల్ చూడటం, ఇదంతా రింగ్ ఫ్రేమ్ దగ్గర చేసిన పనే. మిల్లులో గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫికేషన్ ప్లాంట్ మీద చెయ్యి పెట్టి ఉంటే ఇంకా మంచిది, నీళ్లు, ఫ్యాన్లు, పంపులు అలవాటై ఉంటాయి.

కొత్తగా నేర్చుకోవాల్సింది గ్యాస్ సంగతి. సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి), డిశ్చార్జి ప్రెషర్ (బయటికి పోయే గ్యాస్ ఒత్తిడి), ఆయిల్ ప్రెషర్ గంట గంటకూ రిజిస్టర్‌లో రాయాలి. అంకె కొంచెం మారితే ఎందుకు మారిందో ఆలోచించాలి. గ్యాస్‌ను చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్ మీద పాచి పట్టిందా, సిస్టమ్‌లోకి గాలి చేరిందా, ఏ వాల్వు సరిగ్గా తెరుచుకోలేదు అని. గంధకపు వత్తి వెలిగించి జాయింట్ల దగ్గర పెడితే లీకున్న చోట తెల్లటి పొగ వస్తుంది. లీకైతే గాలి ఎటు వీస్తుందో చూసి దానికి ఎదురుగా బయటపడాలి, మాస్కు లేకుండా లోపలికి పోకూడదు. అమ్మోనియా కళ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది. అందుకే ఈ పనిలో తొందర లేని, జాగ్రత్త ఉన్న మనిషి కావాలి. 46 ఏళ్లు ఇక్కడ అడ్డం కాదమ్మా, చాలా యాజమాన్యాలు కుర్రవాళ్ల కంటే అలాంటి మనిషినే ఇష్టపడతాయి.

కొత్త మిర్చి రాకముందు, అంటే నవంబర్, డిసెంబర్ నెలల్లో, మెషిన్లు విప్పి ఓవర్‌హాలింగ్ చేయిస్తారు. ఆ సమయంలో ఫిట్టర్‌గా దూరడం సులువు. పది రోజులు వాళ్ల కళ్లముందు పనిచేస్తే ఏ ఇంటర్వ్యూ అక్కర్లేదు. బెంచీ మీద కూర్చోవడం ఇష్టం లేదన్నారు కదా, ఇక్కడ నేర్చుకునేది మెషిన్ పక్కన నిలబడే. మొదట్లో జీతం మిల్లులో ఇచ్చినంత రాకపోవచ్చు, అది ముందే అనుకుని దిగండి.

లక్ష్మీపురం అక్క:

నేను ఒక యూనియన్ ఆఫీసులో క్లెయిమ్ ఫారాలు నింపుతాను. పాత ఫిట్టర్ గారు చెప్పినదానికి ఈఎస్ఐ సంగతి కలుపుతున్నాను.

ఫ్యాక్టరీ మూతపడో, రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యమే మనుషుల్ని తగ్గించడం) వల్లో పని పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కట్టి ఉండాలి. మొదటి 12 నెలలు జీతంలో సగం, తర్వాత 12 నెలలు పావు వంతు ఇస్తారు. ఆ కాలంలో కుటుంబానికి వైద్యం కూడా నడుస్తుంది, కాబట్టి మీ అమ్మగారి మందులు ఆగవు. ఇదే పథకం కింద వృత్తి శిక్షణకు వెళితే ఫీజు ఈఎస్ఐ భరిస్తుంది. ఈ సంగతి ఎక్కువమంది అడగరు. మీరు అడగండి. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఇంకొకటి. అది 2018లో మొదలైంది, 90 రోజుల వరకు సగటు రోజువారీ సంపాదనలో సగం, జీవితంలో ఒక్కసారే. దాన్ని గడువులు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి బ్రాంచ్ ఆఫీసులో తేదీ కనుక్కోండి. ఏదైనా, రాజీనామా చేసినవాళ్లకు రాదు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. రిట్రెంచ్ చేసిన ప్రతి కార్మికుడి పేరున యాజమాన్యం 15 రోజుల జీతం నైపుణ్య నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి అని అందులో ఉంది. మూసివేతకు దాన్ని ఎలా చూస్తున్నారో లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే వెళ్లొద్దు, నలుగురైదుగురు కలిసి వెళ్లండి.

పీఎఫ్ మొత్తం ఊడ్చి తీసిపెడతామనే ఏజెంట్లను ఇంటి గడప ఎక్కనివ్వొద్దు. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి ఆయనకు 58 ఏళ్లకు పింఛను హక్కు వచ్చేసింది. కొత్త చోట చేరాక పాత యూఏఎన్ (పీఎఫ్‌కు ఇచ్చే శాశ్వత నంబరు) నే ఇవ్వాలి.

భీమవరం మెయింటెనెన్స్:

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. మాదీ అమ్మోనియానే. ఫిట్టర్ వస్తే నేను ముందు సర్టిఫికెట్ చూడను, ఒక పంపు చూపించి "ఇది ఎందుకు వేడెక్కుతోంది" అని అడుగుతాను. కానీ హెచ్‌ఆర్ వాళ్లు కాగితం అడుగుతారు, ఆడిట్‌కి వచ్చిన విదేశీ కొనుగోలుదారులూ అడుగుతారు. అందుకని మిల్లు నుంచి సర్వీస్ సర్టిఫికెట్ తప్పక తీసుకోండి. అందులో "వర్కర్" అని కాకుండా "రింగ్ ఫ్రేమ్ ఫిట్టర్, మెయింటెనెన్స్" అని రాయించండి. మిల్లు ఆఫీసు తలుపులు మూసేశాక ఆ కాగితం ఇచ్చే దిక్కుండదు.

చేతిలో పని ఉండి కాగితం లేనివాళ్లకు ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) అని ఉంది. కొద్ది రోజులు చెప్పి, పరీక్ష పెట్టి, ఉన్న నైపుణ్యానికే సర్టిఫికెట్ ఇస్తారు. దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో అడగండి. ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) అనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి, దానికి పైసా కట్టక్కర్లేదు. భీమవరం వైపు రావడానికి సిద్ధమైతే చెప్పండి, కానీ రొయ్యల ఎగుమతి ఒడిదుడుకుల్లో ఉంటుంది. ఇంటి దగ్గర కోల్డ్ స్టోరేజీ దొరికితే అదే మేలు.

పేట అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. మీ రిప్లయిలు నాన్నకు చదివి వినిపించాను. గంధకపు వత్తి దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. హ్యూమిడిఫికేషన్ ప్లాంట్ ఆపరేటర్ సెలవు పెట్టినప్పుడల్లా తనే చూసుకునేవారట, ఆ మాట ఇన్నాళ్లూ మాకు చెప్పనే లేదు. సంతకం పెట్టరు. సోమవారం ఇంకో ముగ్గురితో కలిసి లేబర్ ఆఫీసుకు వెళ్తున్నారు. ఇన్‌స్టిట్యూట్‌కి వద్దని చెప్పేశాను.

ఒక్క సందేహం. కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్టు ఒక్కరే ఉండాలా? అమ్మకు అదే భయం.

పాత ఫిట్టర్, గుంటూరు:

భయం సరైనదేనమ్మా. చేరే ముందే అడగాల్సిన ప్రశ్న అది. రాత్రి ఆపరేటర్‌తో పాటు హెల్పర్ ఉన్నాడా, గ్యాస్ లీకైనప్పుడు ఊపిరి పీల్చుకోవడానికి పెట్టుకునే బ్రీతింగ్ సెట్ ఎక్కడ ఉంది, ఎప్పుడు పరీక్షించారు, బయటి నుంచి మెషిన్లు ఆపే స్విచ్ ఉందా అని నాన్నగారు వెళ్లి కళ్లారా చూడాలి. సెట్ గదికి తాళం వేసి, తాళంచెవి మేనేజర్ ఇంట్లో ఉందంటే అక్కడ చేరొద్దు. మంచి చోట్లు ఉన్నాయి. లేబర్ ఆఫీసు పని అయ్యాక నాకు మెసేజ్ పెట్టు, మా ప్లాంట్ చూపిస్తాను. ఆయన ఒక షిఫ్టు మొత్తం పక్కన నిలబడి చూసి, తర్వాత ఏ సంగతో తేల్చుకోవచ్చు. సర్వీస్ సర్టిఫికెట్ జిరాక్సు, ఆధార్, బూట్లు తెచ్చుకోమను. చెప్పులతో లోపలికి రానివ్వం.