సమస్యాపూరణం: "వంకదారియె తిన్నని బాట యగును"

బరంపురం నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన పెట్టేశాను. ఎలా పుట్టిందంటే, మొన్న పర్లాకిమిడి నుంచి వస్తుంటే రోడ్డు తవ్వేసి ఉంది, డ్రైవరు మా బండిని ఊళ్ళలోంచి తిప్పితిప్పి తీసుకెళ్తూ "ఇదే తిన్నని దారి బాబూ" అన్నాడు, నాకు నవ్వాగలేదు, ఇంటికొచ్చేసరికి పాదం తయారు. నవంబరు 25 ఎలాగూ వస్తోంది, 1915లో ఐన్‌స్టైన్ గురుత్వ సమీకరణాలు ప్రష్యన్ అకాడమీలో చదివిన రోజు. అందుకే షరతు ఒక్కటే, పూరణలో స్థలకాలం (స్థలమూ కాలమూ కలిపి అల్లిన ఒకే నేత) వంపు గానీ దాని సౌష్ఠవం (జరిపినా తిప్పినా మారకపోవడం) గానీ తగలాలి. నీతులు చెప్పే పూరణలు ఈసారి వద్దు, పోయినసారి పదకొండు వచ్చాయి.

పర్లాకిమిడి మాస్టారు:
బోణీ నాదే.

గోళమందున రెండూళ్ల గూర్చు గీత
పటమునన్ వంగి కనిపించు, బంతి మీద
దార మొక్కటి బిగలాగి తరచి చూడ
వంకదారియె తిన్నని బాట యగును

ఢిల్లీ నుంచి అమెరికా పడమటి తీరానికి పోయే విమానం పటం మీద ఉత్తరానికి విల్లులా వంగి కనిపిస్తుంది కదా, అదీ సంగతి.

కోరాపుట్టు కాఫీ:
బాగుంది మాస్టారూ. నాది కాస్త లోకల్.

కొండ నెక్కగ రైలు మా కోరపుటుకు
గుహలు పలుదాటి సాగును కుదురు లేక
నిలువుగా నెక్క నింజను నీలుగునట
వంకదారియె తిన్నని బాట యగును

చత్రపురం అక్కయ్య:
నీలుగునట దగ్గర పడిపడి నవ్వాను. కానీ తల్లీ, టన్నెల్‌ని గుహ అంటే అందులో పులులుంటాయి గానీ రైళ్ళుండవు. పైగా సొంత ఊరి పేరులో దీర్ఘమూ మింగేశావు, ద్విత్వమూ మింగేశావు. అసలు షరతు ఏది, స్థలకాలం ఎక్కడ?

కోరాపుట్టు కాఫీ:
రైలెక్కితే స్థలమూ కాలమూ రెండూ ఖర్చవుతాయి అక్కయ్యా, ఇంకేం కావాలి 😄

గుణుపురం గడుగ్గాయి:
మాస్టారి పద్యం నడక మీద నాకు పేచీ లేదు, సరుకు మీద ఉంది. దారం బిగలాగితే దొరికేది అన్నిటికన్నా పొట్టి దారి, గోళం మీద సరే. కానీ సమస్య స్థలకాలం గురించి కదా, అక్కడ లెక్క తిరగబడుతుంది, ఏ తోపూ లేకుండా వదిలేసిన వస్తువు తన చేతి గడియారంలో ఎక్కువ సమయం నమోదయ్యే దారి పడుతుంది, చుట్టుపక్కల మిగతా దారులన్నిటిలోనూ తక్కువే వస్తుంది. అంటే మాస్టారి దారం అక్కడ బిగుసుకోదు, సాగుతుంది. ఇదిగో అసలు పూరణ.

పండు రాలుట బలమున బడుట కాదు
దేశకాలమ్ము వంగిన తీరు కాని
నేల తాకిన పిమ్మటే నీకు బరువు
వంకదారియె తిన్నని బాట యగును

పర్లాకిమిడి మాస్టారు:
నా పద్యంలో "గోళమందున" అని మొదటి మాటే ఉంది, కళ్ళజోడు మార్చుకో నాయనా. నీ పద్యంలో మొదటి రెండు పాదాలు ముత్యాలు, ఒప్పుకుంటున్నా. 1907లో ఐన్‌స్టైన్‌కి తట్టింది కూడా అదే, పడిపోతున్న మనిషికి తన బరువు తెలీదని. కానీ మూడో పాదంలో "నీకు" ఎవరు? పండు రాలుతుంటే నువ్వెప్పుడు దూకావు కొమ్మ మీంచి? మూడుకీ నాలుగుకీ మధ్య వంతెన కూడా లేదు, చదివేవాడు వంశధార ఈదుకుంటూ రావాలి. అయినా పోయినసారి నల్లబిలం సమస్యకి "హంతక సదిశలు పది" అని రాసినవాడి దగ్గర ఇంతకన్నా ఆశించడం నా తప్పే.

గుణుపురం గడుగ్గాయి:
మొదలెట్టారూ! ఇంకా మర్చిపోలేదేటండీ అది?

చత్రపురం అక్కయ్య:
కొత్తవాళ్ళకి తెలియాలి కదా, చెప్తాను. స్థలకాలాన్ని ఏ వైపు జరిపితే దాని కొలతలు మారవో ఆ దిశల్ని చూపించే వాటికి కిల్లింగ్ సదిశలని పేరు. మన గడుగ్గాయి అది చంపడం అనుకుని చక్కగా తెలుగు చేసేసి హంతకుణ్ణి పద్యంలో నిలబెట్టాడు. కిల్లింగ్ పాపం ఎవర్నీ చంపలేదు, 1847లో పుట్టి 1923లో పోయిన జర్మన్ లెక్కల మాస్టారు, విల్హెల్మ్ కిల్లింగ్. అది చాలక నల్లబిలానికి పది అన్నాడు. తిరగని నల్లబిలానికి నాలుగే, కాలంలో జరపడం ఒకటి, చుట్టూ తిప్పడాలు మూడు. తిరిగేదైతే, 1963లో కెర్ కనిపెట్టిన పరిష్కారం, దానికి రెండే.

గోపాలపూర్ కెరటం:
నమస్తే అందరికీ, నేను బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఇక్కడ మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి కానీ మరీ గట్టిగా తిట్టకండి ప్లీజ్.

చదునుగా నున్న జగతిలో సరిగ పదియె
సౌష్ఠవమ్ములు; బరువున్న చోట నాల్గు;
శక్తి మారక నడిపించు సాక్షి యొకటి;
వంకదారియె తిన్నని బాట యగును

నాలుగింటిలో కాలం తాలూకు సౌష్ఠవం ఉంది చూశారా, అది ఉండబట్టే పడే వస్తువు శక్తి దారి పొడవునా మారదు, ఇలాంటి ప్రతి సౌష్ఠవానికీ మారని రాశి ఒకటి ఉంటుందని 1918లో ఎమ్మీ నోథర్ చెప్పిన మాట ఇక్కడ పనికొచ్చింది.

కోరాపుట్టు కాఫీ:
అబ్బ! "సాక్షి యొకటి" దగ్గర నేను ఆగిపోయాను. ఎవరి పిల్లాడు ఇతను?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, ఊహ బంగారం. కానీ రెండో పాదంలో యతి చూడు, మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి కదా. సౌ కి చో పెట్టావు. ఔత్వం అకారంతో కూర్చుంటుంది గానీ ఓకారంతో పంక్తిలో కూర్చోదు. ఇది మా ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లాడికి తెలుసు.

గుణుపురం గడుగ్గాయి:
వచ్చిందండీ గ్రాంథికం. గిడుగు రామమూర్తి గారు బడి చెప్పిన ఊళ్ళోనే ఉండి కుర్రాణ్ణి ఇలా బెదరగొడితే ఎలాగండీ? చెవికి సౌ, చో రెండూ బాగానే తగులుతున్నాయి నాకు.

పర్లాకిమిడి మాస్టారు:
గిడుగు వారు వాడుక భాషలో రాయమన్నారు, యతి లేకుండా రాయమన్నట్టు నేనెక్కడా చదవలేదు.

చత్రపురం అక్కయ్య:
ఇద్దరూ ఆగండి. ఒక్క మాట మారిస్తే పోతుంది. "బరువున్న చాయ నాల్గు". సౌ కి చా, మనవైపు "ఆ చాయల్లో" అంటాం కదా, అర్థం కూడా చెడలేదు. నా పేచీ వేరే. "బరువున్న చాయ నాల్గు" అని ముద్ర కొట్టేశావు గానీ అది గుండ్రంగా, తిరగకుండా ఉన్న ఒక్క బరువు చుట్టూ ఉండే ఖాళీ చోటికే. నీ పద్యం లెక్కన చంద్రుణ్ణి కూడా వెనకేసుకుని తిరిగే మన భూమికీ నాలుగే రావాలి, రావు. విశ్వం మొత్తాన్ని ఎటు చూసినా ఒకేలా ఉందనుకుని రాసుకునే నమూనాలో ఆరు వస్తాయి, కానీ వ్యాకోచం వల్ల ఆ ఆరింట్లో కాలం తాలూకుది ఉండదు, కాబట్టి అక్కడ నీ "శక్తి మారక" చెల్లదు. దూరపు గెలాక్సీల వెలుతురు ఎరుపెక్కి శక్తి పోగొట్టుకుని వస్తోంది కదా.

గోపాలపూర్ కెరటం:
అవునండీ నిజమే. చాయ పెట్టేస్తాను, థాంక్స్. ఆ మూడో పాదం మాత్రం ఉంచుకుంటాను, నాకు ఇష్టం.

గుణుపురం గడుగ్గాయి:
ఉంచుకో. అయితే ఇప్పుడు నా వంతు. అందరూ కుర్రాడి యతి పట్టుకుని వేలాడారు, మొదటి పాదంలో ఉన్న అసలు బోల్తా ఎవరూ చూడలేదు. "చదునుగా నున్న జగతిలో" పది అంటే, వంపు ఉంటే పది ఉండవని అనిపిస్తోంది. డిసిట్టర్ స్థలకాలం, అంటే అన్ని చోట్లా ఒకేలా వంగిన ఖాళీ విశ్వం నమూనా, అదీ వంగినదే, అయినా పదికి పది ఉన్నాయి, నాలుగు పరిమాణాల్లో అంతకన్నా ఎక్కువ రావు. కాగితాన్ని చూడండి, రెండు వైపులా జరపొచ్చు, ఒక తీరున తిప్పొచ్చు, మూడు. లడ్డూని చూడండి, మూడు ఇరుసుల మీద తిప్పొచ్చు, మళ్ళీ మూడే. లడ్డూ వంగలేదేటి? కోడిగుడ్డుకి వస్తే ఒకటి, నిలువు ఇరుసు చుట్టూ తిప్పడం. బంగాళదుంపకి సున్నా. సౌష్ఠవాన్ని చెడగొట్టేది వంపు కాదండీ, అన్ని చోట్లా ఒకలా లేని వంపు.

చత్రపురం అక్కయ్య:
గడుగ్గాయీ, ఈ మాట నిజంగా బాగుంది. హంతక సదిశల బాకీ సగం తీరింది.

బరంపురం నిర్వాహకుడు:
సగమే 😄 లడ్డూ కోడిగుడ్డు బంగాళదుంప అని వరసపెట్టి రాస్తుంటే ఇక్కడ నాకు ఆకలేస్తోంది. మాస్టారు ఏమీ అనట్లేదేంటి?

పర్లాకిమిడి మాస్టారు:
భోంచేస్తూ రాసుకున్నాను. గడుగ్గాయి లడ్డూ, నా పద్యం.

ఎటుల తిప్పిన లడ్డుండ యేక రూపు
వంపు లేనట్టి నున్నని పలక వోలె
సరిగ వంగిన చోటను సౌష్ఠవమ్మె
వంకదారియె తిన్నని బాట యగును

మూడో పాదం యతి కుర్రాడు ఒకసారి గమనించగలడు. స కి సౌ.

గోపాలపూర్ కెరటం:
గమనించానండీ 🙏

గుణుపురం గడుగ్గాయి:
మాస్టారూ, సరుకు నాది, పేరు మీది! పైగా ఇందులో కూడా మూడుకీ నాలుగుకీ మధ్య వంతెన కనపడట్లేదు నాకు. నన్ను వంశధార ఈదించారే, మీరు మాత్రం మహేంద్రతనయ చెప్పుల్లేకుండా దాటేస్తారా?

పర్లాకిమిడి మాస్టారు:
మా ఏట్లో ఈ నెలలో మోకాలి లోతే నాయనా.

కోరాపుట్టు కాఫీ:
టన్నెల్‌కి గుహ కాకపోతే రెండు లఘువులతో మొదలయ్యే మాట ఎవరైనా చెప్తారా, నేను పొద్దున్నుంచీ అక్కడే ఆగిపోయాను.

చత్రపురం అక్కయ్య:
"బిలములను దాటి సాగును వెరపు లేక". బి కి వె సరిపోయింది. కుదురు పోయిందని ఏడవకు, వెరపు లేని రైలు ఇంకా బాగుంటుంది.

గుణుపురం గడుగ్గాయి:
బిలమా! మళ్ళీ నల్లబిలం దగ్గరికే తెచ్చారు నన్ను.