తోపుడు బండి పట్టుకెళ్లారు, కాగితం ఇవ్వలేదు. బెంగళూరులో క్లెయిమ్ ఎవరికి పెట్టాలి?

మా పిన్ని బెంగళూరులో తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతుంది, వీధి వ్యాపారుల సర్వేలో పేరుంది, గుర్తింపు కార్డు కూడా ఉంది. పోయిన మంగళవారం సాయంత్రం ఆరున్నరకి కార్పొరేషన్ లారీ వచ్చి బండి, ఎలక్ట్రానిక్ కాటా, రెండు క్రేట్ల టమాటాలు ఎక్కించుకుపోయింది. ముందు నోటీసు లేదు, ఏమేం తీసుకెళ్లారో రాసిన కాగితమూ లేదు.

2014 వీధి వ్యాపారుల చట్టం 19వ సెక్షన్ చదివాను. పట్టుకున్న సరుకుకి జాబితా రాసి సంతకంతో కాపీ ఇవ్వాలి, క్లెయిమ్ పెట్టాక పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి అని స్పష్టంగా ఉంది. కానీ వార్డు ఆఫీసులో అడిగితే ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లమన్నారు, వాళ్లేమో మాకు సంబంధం లేదు, కార్పొరేషన్‌నే అడగండి అన్నారు. కన్నడలో అర్జీ రాయించి తీసుకెళ్తే లోపల పెట్టుకున్నారు గానీ నా కాపీ మీద ముద్ర వేయలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన కంప్లైంట్ "పరిష్కరించబడింది" అని మూసేశారు, బండి మాత్రం రాలేదు. ఆ కాటా వీధి వ్యాపారుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం స్వనిధి పథకం లోన్‌తో కొన్నది, వాయిదా ఇంకా కడుతోంది. ఒక చేత్తో లోన్ ఇచ్చి ఇంకో చేత్తో కాటా లాక్కోవడం చాలా అన్యాయం.

టమాటాలు ఎలాగూ పోయాయి. బెంగళూరులో ఇలా బండి విడిపించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, క్లెయిమ్ అర్జీ ఏ అధికారికి ఇస్తే మీకు ముద్ర వేసిన రసీదు ఇచ్చారో చెప్పగలరా?