రొయ్యల ప్లాంటులో ఆన్‌లైన్ ట్రైనింగ్: ఫోన్ లోపలికి రానివ్వం, చదవడం అందరికీ రాదు. ఎట్లా చేయాలి?

నెల్లూరు_ట్రైనింగ్ అడిగిన ప్రశ్న

నెల్లూరు దగ్గర వనామీ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. షిఫ్టుకి 120 మంది. తల తీసేవాళ్లు, పొట్టు ఒలిచి నరం తీసేవాళ్లు, గ్రేడింగ్, ప్యాకింగ్. ఎక్కువ మంది ఆడవాళ్లే. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కూడా కొంతమంది ఉండారు.

ఇప్పటిదాకా ట్రైనింగ్ అంటే ఏడాదికి రెండుసార్లు క్యాంటీన్లో కూర్చోబెట్టి గంటన్నర స్లైడ్లు చూపించడం, రిజిస్టర్లో సంతకాలు పెట్టించడం. దీన్ని ఆన్‌లైన్‌కి మార్చమని మేనేజ్‌మెంట్ అంటోంది. ఒక సంస్థ 40 కోర్సుల ప్యాకేజీ చూపించింది. ఒక్కోటి 45 నిమిషాలు, మాట హిందీలో, కింద తెలుగు అక్షరాలు.

చిక్కులు ఏందంటే: ప్రాసెసింగ్ హాల్లోకి ఫోన్ తీసుకుపోకూడదు. చాలామందికి ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్, అది పిల్లల దగ్గరో భర్త దగ్గరో ఉంటుంది. తెలుగు గబగబా చదవలేనివాళ్లు బాగానే ఉండారు. బస్సు దిగినాక లైను మొదలయ్యేదాకా ఉండేది 20 నిమిషాలు. దీంట్లో ఏ పద్ధతి పనికొస్తుంది, పాఠం ఎంతసేపు ఉండాలి, ఆడిటర్‌కి ఏం చూపించాలి? పనిచేసే చోట వాడదగ్గ వివరాలు చెప్పండి.

కావలి_క్వాలిటీ

ముందు ఆ 40 కోర్సులు పక్కన పెట్టండి సార్. పాఠాల పట్టిక కోర్సులమ్మే వాళ్ల దగ్గర దొరకదు, మీ క్యూసీ (నాణ్యత తనిఖీ) రిజిస్టర్లో దొరుకుతుంది. గత 3 నెలల తప్పుల పుస్తకం తీయండి. "పరిశుభ్రత లోపం" అని రాసుంటే అది పాఠానికి పనికిరాదు. దాన్ని "ఎవరు, ఎక్కడ, చేత్తో ఏం చేశారు" అని తిరగరాయండి. ఉదాహరణకి: పీలింగ్ టేబుల్ దగ్గర కింద పడ్డ రొయ్యని ఎత్తి నేరుగా టబ్బులో వేశారు. గ్లౌజు వేలి దగ్గర చిరిగినా మార్చకుండా పని చేశారు. ఒలిచిన మాల్ ఐసు లేకుండా టేబుల్ మీద గుట్టగా ఉండిపోయింది. ఇలా 15, 20 వాక్యాలు వస్తాయి.

ఇప్పుడు ఒక్కోదాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఆమెకి తెలియక చేసిందా, తెలిసినా చేయడానికి వీల్లేక చేసిందా? ఇక్కడే చాలా డబ్బు మిగులుతుంది. చేతులు కడగడమే తీసుకోండి. తడిపి, సబ్బుతో 20 సెకన్లు రుద్ది, కడిగేసరికి మనిషికి 40 సెకన్లు. కుళాయిలు 6 ఉంటే 120 మందికి 20 విడతలు, అంటే 800 సెకన్లు, 13 నిమిషాల 20 సెకన్లు. మీకున్న 20 నిమిషాల్లోనే బట్టలు మార్చుకోవడం, తలకి నెట్ కట్టుకోవడం, బూట్లు వేసుకోవడం కూడా కావాలి. వెనక వరసలో నిలబడినవాళ్లు 10 సెకన్లలో కానిచ్చేస్తారు. దానికి ఎంత మంచి వీడియో తీసినా ఉపయోగం లేదు. కుళాయిలు పెంచాలి, లేదా జనాన్ని విడతలుగా పంపాలి.

వడగట్టాక నిజంగా నేర్పాల్సినవి ఆరో ఏడో మిగులుతాయి. ఒక పాఠానికి ఒక్క చేతి పని మాత్రమే. వీడియో 90 సెకన్లు, మించితే రెండు నిమిషాలు.

వరస ఇట్లా పెట్టుకోండి. మొదట ప్రశ్న: ఫోటో చూపించి "ఇప్పుడు ఈమె ఏం చేయాలి?" అని మూడు జవాబులు. తప్పు చెప్పినా ఫర్వాలేదు, జవాబు కోసం బుర్ర వెతుక్కుంటుంది, అప్పుడు వీడియో ఎక్కుతుంది. తర్వాత వీడియో. తర్వాత అదే పని మీద ఇంకో ఫోటోతో ప్రశ్న. మొత్తం 8 నిమిషాలు. అదే ప్రశ్నని కొద్దిగా మార్చి మర్నాడు, 4వ రోజు, 11వ రోజు, 30వ రోజు మళ్లీ అడగండి, వీడియో లేకుండా, ఒక్క నిమిషం. మళ్లీ మళ్లీ చూపించడం కన్నా మళ్లీ మళ్లీ అడగడమే ఎక్కువ నిలుస్తుంది. రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి మూడుసార్లు పరీక్ష రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. ఏడాదికి రెండుసార్లు గంటన్నర కూర్చోబెట్టడం ఎందుకు నిలబడదో దీంట్లోనే ఉంది.

ఫోన్ల చిక్కుకి ప్లికర్స్ అనే యాప్ చూడండి. ఒక్కొక్కరికీ నంబరున్న కాగితం కార్డు ఇస్తారు. కార్డు మీద గళ్ల బొమ్మ ఉంటుంది, దాన్ని ఏ వైపుకి తిప్పి పట్టుకుంటే అది ఆ జవాబు. సూపర్‌వైజర్ తన ఒక్క ఫోన్ కెమెరాతో అందరినీ ఒకసారి చుట్టి చూపిస్తే ఎవరు ఏం చెప్పారో పేరుతో సహా నమోదవుతుంది. పక్కామెకి మీ జవాబు కనబడదు కాబట్టి సిగ్గుపడే పని లేదు. మామూలు సెట్లో 40 కార్డులుంటాయి. కార్డులు మందం కాగితం మీద, మెరవని ల్యామినేషన్‌తో చేయించండి. మెరిసే ల్యామినేషన్ ట్యూబ్‌లైట్ కింద వెలుగు కొట్టి కెమెరా చదవదు. బొమ్మ మీద వేలు పడినా చదవదు, అంచు పట్టుకోమని మొదటి రోజే చెప్పాలి.

మార్కులు మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టొద్దు. ఎవరికి రాలేదో వాళ్లని లైను సూపర్‌వైజర్ పక్కకి పిలిచి చేసి చూపిస్తే చాలు.

పాఠం_వీడియో_ఒంగోలు

వీడియో సంగతి నేను చెప్తాను. కెమెరాని ఎదురుగా పెట్టొద్దు. పని చేసే మనిషి భుజం వెనక నుంచి, ఆమె కళ్లకి చేతులు ఎట్లా కనబడతాయో అట్లా తీయండి. ఎదురుగా తీస్తే కుడి ఎడమ తారుమారవుతుంది. నరం తీసేటప్పుడు పుల్ల ఏ చేత్తో, రొయ్య ఏ చేత్తో అన్నది చూసేవాళ్లకి అర్థం కాదు.

హాల్లోకి కెమెరా పోవాలంటే క్యూఏ (నాణ్యత విభాగం) అనుమతి, రిజిస్టర్లో నమోదు, లైను ఆగినప్పుడే, టేబుల్ మీద అమ్మకానికి పోయే మాల్ లేకుండా. ఎల్‌ఈడీ లైట్ల కింద వీడియోలో చారలు కదులుతుంటే షట్టర్‌ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చారలు పోతాయి. చల్లటి హాల్లోంచి ఫోన్‌ని బయటి ఉక్కలోకి తెస్తే లెన్స్ మీద తడి పడుతుంది. బయటికి వచ్చే ముందే జిప్ కవర్లో మూసి, 15, 20 నిమిషాలు ఆగి తెరవండి.

హాల్లో రికార్డయిన శబ్దం వాడొద్దు. గొంతు విడిగా, కిటికీలు మూసిన చిన్న గదిలో, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టి రికార్డు చేయండి. చదివేది కూడా ఆఫీసు మనిషి కాకుండా లైన్లో అందరికీ తెలిసిన సూపర్‌వైజరమ్మ అయితే వింటారు. ఎస్‌ఓపీని (పని చేసే పద్ధతి రాసిన కాగితాన్ని) తెలుగులోకి దించి చదివిస్తే "క్రిమిసంహారక ద్రావణమునందు హస్తములను ముంచవలెను" అని తయారవుతుంది. "చేతులు క్లోరిన్ నీళ్లలో మణికట్టు దాకా ముంచండమ్మా" అంటే అయిపోయింది. తెర మీద అక్షరాలు, గొంతులో అవే మాటలు రెండూ ఒకేసారి పెట్టొద్దు. కళ్లు అక్షరాల మీదికి పోతే చేతి కదలిక తప్పిపోతుంది. అంకెలు మాత్రం తెర మీద పెద్దగా వేయండి. ఒడియా వాళ్ల కోసం బొమ్మ అదే ఉంచి, ఒడియా గొంతుతో రెండో ఫైలు తయారు చేస్తే సరిపోతుంది.

క్యాంటీన్ టీవీకి 720పీ, పెన్‌డ్రైవ్ లోంచే నడపండి, నెట్ మీద ఆధారపడొద్దు. ఇంట్లో చూడాలనుకునేవాళ్లకి 480పీ, వీడియో 500 కేబీపీఎస్, ఆడియో 64 కేబీపీఎస్ పెడితే 90 సెకన్ల పాఠం దాదాపు 6.3 ఎంబీ అవుతుంది, వాట్సాప్‌లో తేలిగ్గా పోతుంది. ఇంట్లో చూడటం వాళ్ల ఇష్టానికే వదలండి. పని కోసం నేర్చుకునేది జీతమిచ్చే సమయంలోనే జరగాలి.

ఒక జాగ్రత్త: పాత స్లైడ్లలో తెలుగు అను ఫాంట్లలో ఉంటే వేరే కంప్యూటర్లో, ఫోన్లో పిచ్చి గీతలు వస్తాయి. అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకేలా కనబడే యూనికోడ్‌కి మార్చి నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ వాడండి.

నెల్లూరు_ట్రైనింగ్

చాలా ఉపయోగం. కావలి అన్న చెప్పిన కుళాయిల లెక్క చూశాక ఒకటి తట్టింది. 40 మంది చొప్పున మూడు జట్లు చేసి, ఒక జట్టు టీవీ ముందు, ఒక జట్టు బట్టలు మార్చుకునే చోట, ఒక జట్టు కుళాయిల దగ్గర ఉండేట్టు తిప్పితే? పాఠం, కుళాయి రెండూ కుదురుతాయేమో. సూపర్‌వైజర్లకి, క్యూసీ టెక్నీషియన్లకి కూడా ఇదే పద్ధతా?

కావలి_క్వాలిటీ

కుదురుతుంది. 40 మందికి 6 కుళాయిల మీద 7 విడతలు, 280 సెకన్లు, 5 నిమిషాల లోపే. ఒక్కటే షరతు, చేతులు కడిగాక మళ్లీ టీవీ దగ్గరికి రాకూడదు. కడిగాక నేరుగా హాల్లోకే. అంటే కుళాయి ఆఖరి మెట్టుగా ఉండాలి, కాబట్టి మూడు జట్లూ లైను ఎక్కే సమయం 6, 7 నిమిషాల తేడాతో ఉండాలి. 20 నిమిషాల్లో మూడు పాఠాలు పట్టవు, అందుకని రోజుకి ఒక జట్టుకే 8 నిమిషాల పాఠం, మిగతా రెండు జట్లకి ఒక్క నిమిషం ప్రశ్న పెట్టండి.

మూడుల్_పని

సూపర్‌వైజర్లకి వేరే పద్ధతి. వాళ్లకి ఫోన్ ఉంది, చదవడం వచ్చు, వాళ్ల పని చేతిది కాదు, నిర్ణయానిది. మెటల్ డిటెక్టర్ టెస్ట్ పీస్‌ని (పరీక్ష కోసం పంపే లోహపు ముక్కని) పట్టలేదు అనుకోండి. లైను ఆపాలి, ఆఖరిసారి సరిగ్గా పట్టిన సమయం నుంచి వచ్చిన మాల్ అంతా పక్కన పెట్టాలి, మిషన్ సరిచేశాక ఆ మాల్‌ని మళ్లీ నడపాలి. ఇలాంటివాటికి మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌లో హెచ్5పీ బ్రాంచింగ్ సినారియో అనే పాఠం రకం బాగుంటుంది: ఒక్కో నిర్ణయానికి ఒక్కో దారి. "మిషన్ సరిచేసి పని కొనసాగిస్తాను" అని నొక్కితే ఆ గంట మాల్ కంటైనర్ ఎక్కి పోయిన దృశ్యం దాకా తీసుకుపోవాలి. అక్కడే "తప్పు" అని చెప్పి ఆపేస్తే నేర్చుకోరు.

మూడుల్ యాప్‌లో నెట్ లేకుండా క్విజ్ రాయాలంటే క్విజ్ సెట్టింగ్‌లో ఆఫ్‌లైన్ అనుమతి ఆన్ చేయాలి, జవాబు తీరు "డిఫర్డ్ ఫీడ్‌బ్యాక్" (ఫలితం ఆఖర్లోనే చెప్పడం) ఉండాలి, సమయ పరిమితి పెట్టకూడదు. ఈ మూడింట్లో ఒకటి తప్పినా యాప్ నెట్ అడుగుతుంది.

బయట కోర్సు కొనాల్సి వస్తే స్కార్మ్ 1.2 (ఆన్‌లైన్ కోర్సులు తయారయ్యే ఒక ఫైలు పద్ధతి) ఫైళ్లతో ఒక చిక్కు. ఎక్కడిదాకా చూశారో గుర్తుపెట్టుకునే చోటు అందులో 4096 అక్షరాలే. కోర్సు పొడుగైతే అది నిండిపోయి, మధ్యలో ఆపినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వస్తుంది. 45 నిమిషాల కోర్సులు వద్దనడానికి ఇదొక కారణం.

ఆడిట్ సంగతి. బీఆర్‌సీజీఎస్ అనే ఆహార భద్రతా ప్రమాణం ఇష్యూ 9, 2022లో వచ్చింది. దాని ప్రకారం ట్రైనింగ్ రికార్డులో మనిషి పేరు, హాజరైనట్టు రుజువు, తేదీ, ఎంతసేపు, పాఠం పేరు లేదా విషయం, ఎవరు నేర్పారు, లోపల తయారు చేసిన పాఠమైతే ఏ ఎస్‌ఓపీ ఆధారం, ఇవన్నీ ఉండాలి. ప్లికర్స్ నుంచి వచ్చిన జవాబుల ఫైలుకి ఈ నిలువు వరసలు కలిపి నెలనెలా ప్రింటు తీసి సంతకం పెట్టించండి. వీడియోకి వెర్షన్ నంబరు వేయండి, ఎస్‌ఓపీ మారితే వీడియో నంబరూ మారాలి. తాత్కాలిక కూలీలకి కూడా పని మొదలుపెట్టే ముందే ట్రైనింగ్ అయుండాలి, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు జట్టు వరస కోసం ఆగకూడదు. మొదటి రోజే పాఠాలన్నీ చూపించి చేయించాలి. అమెరికాకి పంపే ప్లాంటయితే హ్యాసప్ (ఆహారంలో ప్రమాదాలని ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) ప్లాన్ రాసే, మార్చే, రికార్డులు సరిచూసే మనిషికి విడిగా హ్యాసప్ శిక్షణో, దానికి సమానమైన అనుభవమో ఉండాలి. ఈ 90 సెకన్ల పాఠాలు దానికి చెల్లవు.

ల్యాబ్_కొత్తపట్నం

అందరూ బాగా చెప్పారు, కానీ కార్డు తిప్పడం వచ్చినంత మాత్రాన చెయ్యి మారినట్టు కాదు. పాఠం మొదలుపెట్టకముందే రెండు వారాలు లెక్క తీసుకోండి: షిఫ్టుకి 10 మందిని చీటీ తీసి ఎంచుకుని, ముందుగా చెప్పకుండా, ఐదు పనులు అవును కాదు అని రాసుకోవాలి. హ్యాండ్ స్వాబ్ (చేతి మీద సూక్ష్మజీవుల పరీక్ష) ఫలితాలు ల్యాబ్‌లో ఎలాగూ ఉంటాయి. పాఠాలయ్యాక అదే మనిషి, అదే కాగితంతో మళ్లీ చూడాలి. చూసే మనిషి మారితే లెక్క మారుతుంది. స్వాబ్ కూడా అదే సమయానికి తీయాలి. షిఫ్టు మొదట్లో ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి తీసి పోల్చితే అర్థం ఉండదు.

క్లోరిన్ పాఠం మాత్రం తెర మీద ఆపొద్దు. 100 లీటర్ల ఫుట్‌డిప్‌లో (బూట్లు ముంచే తొట్టిలో) 200 పీపీఎం, అంటే లీటరుకి 200 మిల్లీగ్రాములు రావాలంటే 20 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 10 శాతం హైపో (క్లోరిన్ ద్రావణం) 200 మిల్లీలీటర్లు. చేతులు ముంచే నీళ్లు 20 పీపీఎం అయితే 100 లీటర్లకి 20 మిల్లీలీటర్లు. ఈ రెండూ తారుమారు చేయడమే ఎక్కువ జరిగే తప్పు, క్విజ్‌లో తప్పు జవాబులుగా ఆ అంకెలే పెట్టండి. కానీ లెక్క సరిగ్గా ఉన్నా, రోహిణి ఎండల్లో షెడ్డు బయట పెట్టిన డబ్బాలో హైపో బలం తగ్గిపోతుంది. పైగా రొయ్యల మురికి కలిస్తే క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది. అందుకని నీళ్లు కలిపేవాళ్ల చేత టెస్ట్ స్ట్రిప్ ముంచించి, రంగు చదివించి, మళ్లీ గంట తర్వాత చదివించాలి. హైపోలో ఆసిడ్ పడితే విషవాయువు వస్తుందన్నది ఆ పాఠంలోనే చెప్పాలి.

చల్లబరిచే మిషన్ల అమ్మోనియా లీకు కూడా అంతే. గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచిని ఎట్లా చదవాలో, గాలికి అడ్డంగా నడిచి, తర్వాత గాలి వచ్చే వైపు ఎట్లా పోవాలో వీడియోలో చూపించొచ్చు. ఏ తలుపు గుండా అన్నది మాత్రం నడిపించే నేర్పాలి. గాలి తూర్పు నుంచి వీచే రోజు ఒకసారి, పడమర నుంచి వీచే రోజు ఇంకోసారి డ్రిల్ పెట్టండి, గుమికూడే చోటు రెండు రోజులకీ వేరువేరుగా ఉండాలి.

చీమకుర్తి_గ్రానైట్

రొయ్యలు తెలియదు గానీ ఫోటో ప్రశ్నలు మా వైపు కూడా పనికొస్తాయి. బ్లాకులెత్తే వైర్ రోప్ స్లింగ్‌కి (ఇనప తీగల తాడుకి) అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం: ఒక చుట్టు పొడవులో (ఒక పాయ తాడు చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగే దూరంలో) అక్కడక్కడా 10 తీగలు తెగినా, ఒకే పాయలో 5 తెగినా తీసేయాలి. స్లింగ్‌ని దగ్గరగా ఫోటో తీసి "ఎత్తొచ్చా, తీసేయాలా?" అని రోజుకొకటి అడగొచ్చు. అయితే ఫోటోలన్నీ బాగా పాడైన స్లింగులవే పెడితే అందరూ సరిగ్గానే చెప్తారు. ఒకే పాయలో 4 తెగినది, 5 తెగినది పక్కపక్కన పెట్టండి. అట్లాగే మీరు కూడా గ్లౌజు సగం చిరిగిన ఫోటో కాకుండా, వేలి చివర సూది బెజ్జమంత చిరిగిన ఫోటో పెట్టండి.