2,300 లైన్ల క్లీనప్ ప్యాచ్: ఎన్ని ముక్కలు చెయ్యాలి?

పాతడ్రైవర్:
లైనక్స్ కెర్నెల్‌లో ఒక పాత డ్రైవర్. ఒకటే ఫైలు, దాదాపు 4,000 లైన్లు. ఇండెంటేషన్ సర్దాను, కేమెల్‌కేస్ పేర్లు (మధ్యలో పెద్దక్షరాలుండేవి) మార్చాను, ఎవరూ పిలవని ఫంక్షన్లు తీసేశాను, రిజిస్టర్ల కోడ్‌ని వేరే ఫైల్లోకి జరిపాను, ప్రోబ్‌లో (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్) ఐఆర్‌క్యూ, అంటే ఇంటరప్ట్ లైను, తీసుకునే చోట డెవ్‌ఎమ్ రకం కాల్ (తర్వాత వదిలే పని కెర్నెలే చూసుకునేది) పెట్టాను. అంతా ఒకే కమిట్ (గిట్‌లో ఒక మార్పుగా నమోదైనది), డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) 2,300 లైన్లు. మెయింటెయినర్ (కెర్నెల్‌లో ఆ భాగం చూసుకునేవారు) జవాబు ఒక్కటే: విడగొట్టి పంపండి. ఫంక్షన్‌కి ఒకటి చొప్పునా, మార్పు రకానికి ఒకటి చొప్పునా?

బైసెక్ట్‌బావ:
రకానికి ఒకటి. ఇందులో చర్చకేముంది?

మీరు చెప్పిన ఐదింటిలో నాలుగు డ్రైవర్ నడక మార్చవు. ఐదోది మారుస్తుంది, అదే 2,300 లైన్ల మధ్య నక్కి కూర్చుంది. డ్రైవర్‌ని దించేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ బఫర్‌ని కేఫ్రీతో (మెమరీ విడిచే కాల్) వదిలేస్తోందనుకోండి. మీరు ఐఆర్‌క్యూని డెవ్‌ఎమ్‌కి మార్చి, రిమూవ్‌లోని ఫ్రీ ఐఆర్‌క్యూ లైను తీసేశారు. డెవ్‌ఎమ్‌తో తీసుకున్నవన్నీ రిమూవ్ ముగిశాకే, తీసుకున్న వరుసకి తిరగేసి విడుదలవుతాయి. అంటే బఫర్ పోయింది, ఐఆర్‌క్యూ ఇంకా బతికే ఉంది. ఆ సందులో ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ (ఇంటరప్ట్‌కి స్పందించే ఫంక్షన్) పోయిన బఫర్‌నే ముట్టుకుంటుంది. తీసేసిన ఆ ఒక్క లైను 20 లైన్ల ప్యాచ్‌లో అయితే ఎవరి కంటికైనా ఆనుతుంది. ట్యాబ్‌ల మార్పుల మధ్య ఎవరికి కనపడుతుంది?

మీసాల_మెర్జ్:
రకానికి ఒకటి అంటే వినడానికి బాగానే ఉంది. ఇదే పట్టుకుని రేపు వేరియబుల్‌కి ఒక ప్యాచ్ చొప్పున 60 మెయిళ్లు పంపుతారు. 15 దాటొద్దని డాక్యుమెంట్‌లోనే ఉంది. 2025లో డెల్ టైమర్ పేర్లని టైమర్ డిలీట్‌గా మార్చింది కెర్నెల్ మొత్తానికీ కలిపి ఒకే కమిట్‌తో, 6.15 ఆర్‌సీ1కి (ఆ వెర్షన్ తొలి పరీక్షా విడుదల) ముందు. దాన్ని విడగొట్టలేదే?

బైసెక్ట్‌బావ:
15 దాటొద్దని ఎక్కడా లేదు. సబ్మిటింగ్ ప్యాచెస్ పత్రం చెప్పేది, సిరీస్‌ని ఇంకా కుదించలేకపోతే ఒక విడతకి ఓ 15 పంపి, అవి రివ్యూ అయి కలిసేదాకా ఆగమని. అది విడతకి లెక్క.

టైమర్ల కమిట్ చాలావరకు స్క్రిప్ట్‌తో చేసినది. పాత పేరు పోయి కొత్త పేరు వచ్చింది, అంతే. అక్కడ స్క్రిప్ట్‌ని చూస్తే చాలు, ఫలితాన్ని లైను లైనుగా చదవక్కర్లేదు. ఆర్‌సీ1కి ముందు పెట్టిందీ అందుకే, మెర్జ్ విండోలో (కొత్త మార్పులు తీసుకునే రోజులు) వచ్చే ట్రీలన్నీ (వేర్వేరు మెయింటెయినర్ల కోడ్) అప్పటికి కలిసిపోయి ఉంటాయి, ఘర్షణలు తక్కువ. ఇంకో పక్క ప్లాట్‌ఫామ్ డ్రైవర్ల రిమూవ్ ఏ విలువా తిప్పి పంపకుండా మార్చిన పని చూడండి. రిమూవ్ న్యూ అని తాత్కాలికంగా ఒకటి పెట్టి, డ్రైవర్‌కో ప్యాచ్ చొప్పున నడిపారు. రిమూవ్ మధ్యలో ఎర్రర్‌తో వెనక్కి వచ్చేస్తే వనరులు లీకయ్యేవి, ప్రతి డ్రైవర్‌లోనూ ఆ దారిని మనిషి చూడాల్సిందే.

గోంగూర64:
ఏం చేసినా ఫంక్షన్‌కి ఒకటి మాత్రం వద్దు బ్రో.

సిరి_కోడ్స్:
అడిగినది ఎలా అని. అది చెప్పేవాళ్లే లేరు.

పాత బ్రాంచ్‌ని అలాగే ఉంచండి. దాని మీంచి కొత్త బ్రాంచ్ తీసి, గిట్ రీసెట్‌తో ఆ ఒక్క కమిట్‌ని విప్పితే మార్పులన్నీ వర్కింగ్ ట్రీలో (ఇంకా కమిట్ కాని ఫైళ్లలో) మిగులుతాయి. తర్వాత గిట్ యాడ్‌ని ప్యాచ్ మోడ్‌లో నడపండి. హంక్ (ఒక చోటి మార్పుల ముక్క) పెద్దదైతే ఎస్ నొక్కితే చీలుతుంది, చీలకపోతే ఈ నొక్కి చేత్తో దిద్దుకోవాలి. ఒకే లైన్లో ఇండెంటేషనూ పేరూ రెండూ మారిన చోట హంక్‌లతో కుస్తీ పట్టకండి, అసలు కోడ్ మీద మళ్లీ చేసుకోవడమే తేలిక.

వరుస ఇలా పెట్టుకోండి. ఎవరూ వాడని కోడ్ ముందు పోవాలి, పోయే కోడ్‌కి ఇండెంటేషన్ దండగ. తర్వాత వైట్‌స్పేస్, తర్వాత పేర్లు, తర్వాత ఫైలు జరపడం. జరిపేటప్పుడు లోపలి కోడ్ ఒక్క అక్షరం మార్చొద్దు. అప్పుడు రివ్యూ చేసేవాళ్లు డిఫ్‌లో కలర్ మూవ్డ్ పెట్టుకుంటే జరిగిన లైన్లు వేరే రంగులో కనిపిస్తాయి, స్టాటిక్ (ఆ ఫైలుకే పరిమితం అనే గుర్తు) తీసేసిన చోట్లు, హెడరు, మేక్‌ఫైల్ (ఏ ఫైళ్లు కలిపి బిల్డ్ చేయాలో చెప్పేది) మాత్రమే చదవడానికి మిగులుతాయి.

మేక్‌ఫైల్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మాడ్యూల్ పేరూ సోర్స్ ఫైలు పేరూ ఒకటే అయితే, రెండో ఫైలు చేర్చగానే మాడ్యూల్ తనలో తనే భాగం కావాల్సి వస్తుంది, అది కుదరదు. అసలు ఫైలు పేరు చివర మెయిన్ అని చేర్చి మార్చుకోండి. మాడ్యూల్ పేరు మారిస్తే జనం మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) సెట్టింగులు విరుగుతాయి.

డెవ్‌ఎమ్ ఆఖర్న. గిట్ రీబేస్‌కి ఎగ్జెక్ ఇచ్చి ప్రతి కమిట్ దగ్గరా డబ్ల్యూ=1తో (అదనపు వార్నింగులు చూపేది) బిల్డ్ చేయించండి. చివరికి పాత బ్రాంచ్‌కీ కొత్తదానికీ డిఫ్ తీస్తే, మీరు కావాలని మార్చినవి తప్ప ఏమీ రాకూడదు.

మీసాల_మెర్జ్:
ప్రతి కమిట్ బిల్డవ్వాలంటున్నారుగా. హెల్పర్ ఫంక్షన్ మూడో ప్యాచ్‌లో, వాడకం నాలుగో ప్యాచ్‌లో పెడితే మూడో దగ్గర వాడని స్టాటిక్ ఫంక్షన్ అని వార్నింగ్. వెర్రర్ కాన్ఫిగ్ (వార్నింగుని ఎర్రర్‌గా లెక్కించేది) ఆన్‌లో ఉంటే బిల్డే ఆగుతుంది. బైసెక్ట్ చేసేవాడు (బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో సగం సగం చేసి వెతికేవాడు) అక్కడ చిక్కుకుంటాడు. విడగొట్టకపోతే ఈ బాధే లేదు.

బైసెక్ట్‌బావ:
హెల్పర్‌నీ దాన్ని మొదట పిలిచే చోటునీ ఒకే ప్యాచ్‌లో పెట్టండి, బాధ తీరిపోతుంది. వైట్‌స్పేస్ ప్యాచ్‌ని అయితే చదవడం కూడా అక్కర్లేదు. ముందూ తర్వాతా బిల్డ్ చేసి, రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లనీ ఆబ్జ్‌డంప్‌తో డిస్‌అసెంబుల్ చేసి (మెషీన్ కోడ్‌ని చదవగలిగేలా మార్చి) పోల్చండి. ఫైళ్లని నేరుగా పోల్చకండి, లైన్లు అటూ ఇటూ అయితే వార్న్ ఆన్ (హెచ్చరిక రాసే మాక్రో) దాచుకునే లైన్ నంబర్లు, డీబగ్ సమాచారం మారతాయి, కోడ్ మారకపోయినా తేడా చూపిస్తుంది. పేర్లు, జరపడం, డెవ్‌ఎమ్ కలిపేస్తే ఈ సులువు మొత్తం పోతుంది.

మీసాల_మెర్జ్:
పాఠాలు చాలు. లైనుకో కమిట్ చేసి, రెజ్యూమేలో కెర్నెల్‌కి 200 ప్యాచ్‌లు అని రాసుకునేవాళ్లకి విడగొట్టడమంటే ప్రేమ ఉండక ఏముంటుంది.

బైసెక్ట్‌బావ:
ఎవర్నండీ అంటున్నారు?

మీసాల_మెర్జ్:
గుమ్మడికాయల దొంగ అన్నాను. మీరు భుజాలు తడుముకుంటే నేనేం చెయ్యను.

నిదానం:
ఇద్దరూ ఆపండి. ఎన్ని ముక్కలని కొట్టుకుంటున్నారు, ఆ క్లీనప్ బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కరూ అడగలేదు.

మెయిన్‌లైన్‌లో (తాజా కెర్నెల్) పేర్లు మారి, కోడ్ వేరే ఫైల్లోకి వెళ్లాక ఈ డ్రైవర్‌కి వచ్చే ప్రతి ఫిక్సూ పాత కెర్నెళ్లు 6.1కీ 6.6కీ నేరుగా అతకదు. స్పెల్లింగు, వైట్‌స్పేస్ లాంటి చిల్లర సవరణలు స్టేబుల్‌కి (ఫిక్సులు వెళ్లే ఆ పాత కెర్నెళ్లు) వద్దని నియమాల్లోనే ఉంది, కాబట్టి ఈ క్లీనప్ అక్కడికి దానంతటది రాదు. ఫిక్స్‌ని పాత ట్రీకి దించేవాళ్లు ప్రతిసారీ చేత్తో సర్దుకోవాలి. ఒక ప్యాచ్‌గా వచ్చినా పదిగా వచ్చినా వాళ్ల పని వీసమెత్తు తగ్గదు. బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో వచ్చిందో చూపేది) పాడవుతుందంటే 2.23 నుంచి గిట్‌లో ఇగ్నోర్ రెవ్ ఉంది, ఆ కమిట్‌ని దాటించి చూడొచ్చు. బ్యాక్‌పోర్ట్‌కి, అంటే పాత ట్రీకి దించే పనికి, అలాంటి మందు లేదు.

మీసాల_మెర్జ్:
మొదట్నించీ నేను మొత్తుకుంటున్నదీ ఇదే. విడగొట్టి తెచ్చాం కాబట్టి తీసుకోవాల్సిందే అన్నట్టు వస్తారు. ఒక్క ప్యాచ్‌కైతే వద్దని ఒక్కసారి చెప్తే సరిపోతుంది. 40కైతే ప్రతిదానికీ కారణం రాయాలి, లేకపోతే రెండు వారాలకి పింగ్ (గుర్తుచేసే మెయిల్), ఆపైన మళ్లీ వీ2 (సవరించిన రెండో కూర్పు). పోయినసారి రివ్యూకి ఉన్న సాయంత్రాలన్నీ దానికే పోయాయి, నిజమైన బగ్ ఫిక్సులు క్యూలో ఉండిపోయాయి.

బైసెక్ట్‌బావ:
అదీ సంగతి. మీ గొడవ 15తో కాదు, అసలు క్లీనప్పే వద్దు మీకు. ఆ మాట మీ మొదటి పోస్ట్‌లోనే అంటే ఇంత దూరం వచ్చేవాళ్లమా? చదవలేని కోడ్‌లో బగ్ ఫిక్సులు ఎవరు చేస్తారు మరి?

మీసాల_మెర్జ్:
ఇన్నాళ్లూ చేస్తున్నవాళ్లే చేస్తారు. వాళ్లకి ఆ కోడ్ చదవడం వచ్చు.

సిరి_కోడ్స్:
పాతడ్రైవర్ గారూ, ఇదంతా చూశాక నా మాట ఇది. వాడని కోడ్ తొలగింపు, డెవ్‌ఎమ్, ఈ రెండే ముందు పంపండి. పనిలో అసలు బగ్ ఏదైనా దొరికి ఉంటే అది వాటికన్నా ముందు, ఫిక్సెస్ ట్యాగ్‌తో (ఏ కమిట్ తప్పు సరిచేస్తుందో చెప్పే లైను), క్లీనప్ ఏదీ అంటకుండా. స్టేబుల్‌కి అదొక్కటే వెళ్లగలదు. పేర్లు, ఫైలు జరపడం సంగతి ప్యాచ్ పంపకుండా ముందు ఒక మెయిల్లో అడగండి. ఏది హార్డ్‌వేర్ మీద నడిపి చూశారో, ఏది బిల్డ్ మాత్రమే చేశారో కవర్ లెటర్‌లో (ప్యాచ్‌లకి ముందు పంపే మెయిల్) రాయండి. వీ2కి రేంజ్ డిఫ్ (రెండు కూర్పుల తేడా) జతచేస్తే ఏం మారిందో వెతుక్కోనక్కర్లేదు.

పాతడ్రైవర్:
కార్డు నా దగ్గరే ఉంది. మాడ్యూల్ ఎక్కించి దించి చూశా, ఏమీ రాలేదు.

బైసెక్ట్‌బావ:
ఖాళీగా కూర్చున్న కార్డుని ఎన్నిసార్లు దించినా ఏమీ రాదు. కేఏశాన్ (తప్పు మెమరీ వాడకాన్ని పట్టుకునే కెర్నెల్ సాధనం) ఆన్ చేసి, ట్రాఫిక్ నడుస్తుండగా దించండి. ఐఆర్‌క్యూ షేర్డ్ (వేరే పరికరాలతో పంచుకునేది) అయితే డీబగ్ షేర్డ్ ఐఆర్‌క్యూ కాన్ఫిగ్ కూడా పెట్టండి. ఐఆర్‌క్యూ వదిలే సమయంలో కెర్నెలే ఒక ఉత్తుత్తి ఇంటరప్ట్‌తో హ్యాండ్లర్‌ని పిలుస్తుంది. నేను పైన చెప్పిన తప్పు ఉంటే అక్కడికక్కడే కేఏశాన్ రిపోర్ట్ వస్తుంది.

పాతడ్రైవర్:
షేర్డే. బిల్డ్‌కి పెట్టా.

మీసాల_మెర్జ్:
పెట్టండి. డెవ్‌ఎమ్ ప్యాచ్‌కి మాత్రం నా ఓటు లేదు.