మూలాపేటలో పాత మిద్దె కొనొచ్చా?

నెల్లూరు మూలాపేటలో పాత మిద్దె ఒకటి బేరానికి వచ్చిందన్నా. టేకు దూలాలు, సున్నపు గోడలు, కింద కడప బండలు. మా ఆవిడకి బాగా నచ్చింది. కానీ వెనక గది కప్పులో తేమ మరక ఉంది, ఒక దూలం గోడలోకి దిగే చోట గోరుతో గీకితే పొడి రాలుతోంది, వైరింగ్ కూడా పాతదే. స్థలం ధరకే ఇస్తామంటున్నారు. టెన్షన్‌గా ఉంది, కొనమంటారా?

——
తమ్ముడూ, దూలం మధ్యలో గట్టిగా ఉన్నా లాభం లేదు, బరువంతా గోడలో కూర్చునే ఆ చివరల మీదే పడుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే మిద్దెలు తెలిసిన వడ్రంగిని తీసుకెళ్లి ప్రతి దూలం చివరా ఉలితో పొడిపించి చూడు. ఒకటి రెండైతే మార్చుకోవచ్చు. సగం పోయుంటే స్థలం ధర కూడా ఎక్కువే, కూల్చి మట్టి తోలించే ఖర్చు నీ నెత్తినే పడుతుంది.

——
సున్నపు గోడకి సిమెంటు పూత మాత్రం వద్దు, తేమ బయటికి పోక పెచ్చులూడతాయి. మళ్లీ సున్నమే వేయించండి.

——
మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, కుదిరితే అప్పుడు కప్పు చూడండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఆ వీధిలోకి నీళ్లొచ్చాయేమో పక్కింటివాళ్లని అడగండి. పాత ఇళ్లకి అసలు చిక్కు వాటాలు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు) లాయరుకి చూపించి, వాటా ఉన్న ఆడపడుచుల సంతకాలు కూడా తీసుకోండి.

——
థాంక్స్ అన్నా, ఆదివారం వడ్రంగితో వెళ్తున్నా. పక్క గోడ ఉమ్మడిదేమో కూడా కనుక్కుంటా.